చేర్పించాలా, ఓపీలో చూపించాలా? అనంతపురం, కర్నూలు, కడప కుటుంబాలకు మానసిక వైద్యం ఎంపిక

"అక్కా, యాడికి తీసుకపోదాం? విశాఖకా, హైదరాబాదుకా, బెంగళూరుకా?"

నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఇదే. ధర్మవరంలో మా ఇల్లు. నా తమ్ముడికి పదకొండేళ్ళుగా మానసిక జబ్బుకు మందులు వాడుతున్నాం. ఆ సంగతి తెలిసిన ఎవరో ఒకరు నా నంబరు ఇస్తారు. ఉరవకొండ నుంచో, ఆళ్ళగడ్డ నుంచో, పులివెందుల పక్క పల్లె నుంచో ఒక తల్లి, ఒక అన్న, ఒక భార్య గొంతు తగ్గించి మాట్లాడతారు. నేను డాక్టరును కాదు. మందు పేరు అడిగితే చెప్పను. కానీ ఎక్కడ చూపించాలి, చేర్పించాలా వద్దా అన్న ప్రశ్నలో తగిలే దెబ్బలన్నీ మా ఇంట్లో తగిలాయి కాబట్టి, అది మాత్రం చెప్పగలను.

నేను వాళ్ళను ఎదురు అడిగేది ఒకటే: "నెలకోసారి అక్కడికి పోగలరా?" చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. "ముందు బాగు కానీ, తర్వాత చూద్దాం" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

మా తమ్ముడిని మొదటిసారి దూరంలో ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పేరు అనవసరం, వాళ్ళ తప్పేమీ లేదు. 26 రోజులు ఉంచుకున్నారు. గోడతో మాట్లాడేవాడు మనతో మాట్లాడుతూ ఇంటికొచ్చాడు. మూడు వారాలకు మళ్ళీ మగ్గం మీద కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, చేతులు వణుకుతున్నాయని. పట్టు మగ్గంలో పోగు తెగితే వేలి కొసలతో పట్టి అతకాలి. వెంట్రుక కన్నా సన్నం. వాడు పట్టుకోబోయేసరికి పోగు జారిపోయేది, మళ్ళీ పట్టేవాడు, మళ్ళీ జారేది. అది మందు వల్ల వచ్చిన వణుకు, డోసు సర్దితేనో, ఇంకో మాత్ర జతచేస్తేనో తగ్గేదే. ఆ మాట చెప్పాలంటే రెండు రోజుల ప్రయాణం, ఇద్దరి కూలి. వచ్చే నెల పోదాం అనుకున్నాం. ఆ వచ్చే నెల రాకముందే వాడు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. నాలుగో నెలలో జబ్బు మళ్ళీ మొదటికొచ్చింది.

అందుకే ఈ పోలికలో ఆసుపత్రి ఎంత పెద్దదన్న దానికి నేను చివరి స్థానం ఇస్తాను.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ప్రాణభయం. మనిషి చావు మాటలు మాట్లాడుతున్నా, ఇంట్లోవాళ్ళ మీదికి కత్తో కట్టెనో ఎత్తుతున్నా, రోజుల తరబడి తిండీ నీళ్ళూ ముట్టకపోయినా, తెల్లార్లూ నిద్రలేకుండా రోడ్లు పట్టుకు తిరుగుతున్నా, ఇక ఎంపికల గురించి ఆలోచించే వేళ కాదు. దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోవాలి. 108కి ఫోన్ చేయాలి. పురుగుల మందు తాగి ఉంటే మానసిక వైద్యుడి కన్నా ముందు క్యాజువాలిటీ డాక్టరు చూడాలి. డబ్బానో దాని మీది చీటీనో వెంట తీసుకుపోతే చికిత్సకు పనికొస్తుంది. ఇలాంటి మాటలు వినబడిన ఇంట్లో ఆ రోజే పురుగుల మందు డబ్బాలు పొరుగింటికి చేర్చండి. ఇంట్లో మిగిలిన మాత్రలు కూడా ఒకరి దగ్గర తాళంలో ఉండాలి.

రెండోది ఇందాక చెప్పిందే, తిరిగి పోగలగడం. స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినబడటం, విపరీతమైన అనుమానం), బైపోలార్ (కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు అతి ఉత్సాహం) లాంటి జబ్బుల్లో ఆసుపత్రిలో ఉండేది వారాలు, మందు వాడేది ఏళ్ళు. డిప్రెషన్‌కు వాడే మాత్రలు పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగైన తర్వాత కూడా మామూలుగా కనీసం ఆరు నెలలైనా కొనసాగించమంటారు. అంటే మొదటి ఆరు నెలల్లో ఎన్నిసార్లు బస్సెక్కాలో లెక్కేసుకోండి.

మూడోది తోడు. వార్డులో చేర్చితే పక్కన ఒకరు ఉండాలి. మన పెద్దాసుపత్రుల్లో అటెండరు లేని పేషెంటుకు కష్టం. ఆ ఒక్కరు ఎవరు? కూలి పోతే ఇల్లు గడవని మనిషి అయితే, ఆ లెక్క ముందే వేసుకోవాలి. నాలుగోది మందు దొరకడం: రాసిన మాత్ర మీ ఊరి షాపులో ఉంటుందా, ఆసుపత్రి కౌంటరులో ఇస్తారా. డబ్బు, కాగితాలు కూడా ఉన్నాయి, వాటి మాట తర్వాత.

ఇంకొకటి, ఎవరికి చూపించాలన్నది. "నరాల బలహీనత" అని నరాల డాక్టరు దగ్గర ఏడాది తిప్పిన కుటుంబాలను నేను చూశాను. మూర్ఛ, పక్షవాతం న్యూరాలజిస్టు చూస్తాడు. గొంతులు వినబడటం, విపరీతమైన అనుమానం, కారణం లేని ఏడుపు, అతి ఉత్సాహం, ఇవి సైకియాట్రిస్టు చూసేవి. సైకాలజిస్టు కౌన్సెలింగ్ చేస్తాడు, మాత్రలు రాయడు.

ఎవరు ఎక్కడికి పోతున్నారు

1850లో అమెరికాలో ఎడ్వర్డ్ జార్విస్ అనే వైద్యుడు ఒక సంగతి గమనించి రాశాడు: మానసిక ఆసుపత్రి ఉన్న ఊరికి దగ్గరి జనం దాన్ని ఎక్కువగా వాడుకుంటారు, దూరం పెరిగేకొద్దీ వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. దూరపు ఊళ్ళలో జబ్బు తక్కువ కాదు, దారి ఎక్కువ. నూట డెబ్భై ఏళ్ళ కిందటి ఆ లెక్క మన సీమకు అచ్చంగా సరిపోతుంది.

రాష్ట్రం విడిపోకముందు పెద్ద ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు రెండే, హైదరాబాదు ఎర్రగడ్డలో ఒకటి, విశాఖలో ఒకటి. 2014 తర్వాత ఎర్రగడ్డ తెలంగాణకు పోయింది. విశాఖ మిగిలింది. కదిరి నుంచి విశాఖకు పోవడమంటే రాత్రంతా రైల్లో, అదీ కుదురుగా కూర్చోలేని మనిషితో. అందుకే సీమ జనం పటం మీది రాష్ట్రం గీతను పట్టించుకోకుండా ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. హిందూపురం, మడకశిర వాళ్ళకు బెంగళూరు దగ్గర, ఇంచుమించు వంద కిలోమీటర్లు. ఆదోని, ఆలూరు, గుంతకల్లు, రాయదుర్గం వాళ్ళకు బళ్ళారి. రాజంపేట, కోడూరు వాళ్ళు తిరుపతి పోతారు. కర్నూలు వాళ్ళకు ఇప్పటికీ హైదరాబాదే అలవాటు, రెండు వందల కిలోమీటర్ల పైన ఉన్నా.

కడపలో రిమ్స్ ఆవరణలో 2023 డిసెంబరులో మానసిక వైద్యానికి విడిగా ఆసుపత్రి భవనం ప్రారంభించారు. కడప, ప్రొద్దుటూరు, బద్వేలు వాళ్ళు ముందుగా విచారించుకోవలసిన చోటు అది.

బళ్ళారి గురించి ఒక మాట. ఒకప్పుడు దత్త మండలాల్లో మనతో కలిసి ఉన్న జిల్లా అది, 1953లో మైసూరుకు పోయింది. 1985 నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు ఆ జిల్లాలోనే ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మామూలు మానసిక జబ్బులకు అక్కడే మందులిచ్చే ఏర్పాటు. 1996లో దేశమంతటికీ మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే మాదిరి. జబ్బు మనిషిని పెద్ద ఊరికి రప్పించడం కాకుండా, మందును చిన్న ఊరికి పంపించడం అన్న ఆలోచన మన సరిహద్దు పక్కనే పుట్టిందని మనలో చాలామందికి తెలియదు.

1. పెద్దాసుపత్రి ఓపీ

కర్నూలు సర్వజన వైద్యశాల, అనంతపురం సర్వజనాసుపత్రి, కడప రిమ్స్. మూడూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధం, మూడింట్లో మానసిక విభాగం ఉంది. నంద్యాలలో కూడా 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది కాబట్టి ఆ చుట్టుపక్కలవాళ్ళు కర్నూలు బస్సెక్కేముందు అక్కడ అడిగి చూడొచ్చు.

ప్రాణభయం లేని చాలా కేసులకు నా మొదటి సలహా ఇదే. చూపించడం ఉచితం, కౌంటరులో ఉన్నంతవరకు మందులూ ఉచితం. పైగా ఒంట్లో ఇంకేదైనా ఉందేమో పక్క విభాగంలోనే చూపించవచ్చు. ఇది చిన్న లాభం కాదు. థైరాయిడ్ తగ్గినా మనిషి దిగులుగా, మందంగా అయిపోతాడు. ముసలివాళ్ళలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడతారు.

ఇబ్బంది ఎక్కడంటే, డాక్టరు ముందు కూర్చునే సమయం. పొద్దున ఏడింటికి బయల్దేరి, చీటీ రాయించుకుని, బెంచీ మీద రెండు మూడు గంటలు కూర్చుంటే, లోపల దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఇంటి కథంతా మొదలుపెడితే అసలు మాట మిగిలిపోతుంది. నేను ముందురోజు రాత్రి సగం కాగితం మీద రాసుకుంటాను: ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ మాత్ర ఎన్ని రోజులు తప్పింది, చేతి వణుకు ఎట్లుంది, కొత్తగా ఏమన్నాడు. అంతే. డాక్టరు ఆ కాగితం చూసి చీటీ మార్చిన రోజులున్నాయి. మా తమ్ముడి చేతి వణుకు తగ్గింది అలాగే, పెద్దాసుపత్రి ఓపీలో, రెండో నెలలో.

డాక్టర్లు మారుతుంటారు. కిందటిసారి చూసినాయన ఈసారి ఉండకపోవచ్చు. దానికి విరుగుడు పాత చీటీలన్నీ తేదీల వరసన ఒకే ఫైలులో పెట్టుకోవడమే.

2. ప్రైవేటు క్లినిక్కు

మూడు ఊళ్ళలోనూ సైకియాట్రిస్టులు ఉన్నారు. సాయంత్రం చూపించుకోవచ్చు, పని పోదు, ఒకే డాక్టరు ఏళ్ళ తరబడి చూస్తాడు. ఉద్యోగస్తులకు, పెళ్ళి కావలసిన ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇదే నచ్చుతుంది. పదిమంది కంట పడకూడదన్న వాళ్ళ భయాన్ని నేను తప్పుపట్టను. మన ఊళ్ళు ఎలాంటివో నాకు తెలుసు.

అయితే లెక్క వేసేటప్పుడు డాక్టరు ఫీజును కాదు, నెల మందుల బిల్లును చూడండి. ఏడాదికి పన్నెండుతో గుణించండి. మోయలేం అనిపిస్తే మొదటి రోజే డాక్టరుకు చెప్పి మందు అసలు పేరు రాయమనండి, జన ఔషధి షాపులో దొరికితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆరు నెలలు ప్రైవేటులో చూపించి డబ్బులైపోయి మానేసినవాళ్ళ కన్నా, మొదటి నుంచి పెద్దాసుపత్రిలో చూపించినవాళ్ళే నయంగా ఉండటం నేను చూశాను. ప్రైవేటులో జబ్బు తేల్చుకుని, మందు కుదిరాక, ఆ చీటీతో పెద్దాసుపత్రికి మారడంలో సిగ్గుపడేదేమీ లేదు.

3. పెద్దాసుపత్రి మానసిక వార్డులో చేర్చడం

చేర్పించడం అనగానే మనవాళ్ళకు కటకటాలు గుర్తొస్తాయి. జనరల్ ఆసుపత్రి వార్డు అలాంటిది కాదు. ఇంటి మనిషి పక్కనే ఉంటాడు, మందు కుదిరేదాకా ఉండి వచ్చేస్తారు. ఇంట్లో మాత్ర మింగకుండా ఉమ్మేస్తున్నప్పుడు, తిండి మానేసినప్పుడు, కొత్త మందు మొదలుపెట్టి రోజూ గమనించాల్సి వచ్చినప్పుడు ఇది సరైన చోటు.

తాగుడు మాన్పించడం కూడా ఇక్కడే. దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మతి తప్పడం మొదలైతే ప్రాణానికే ముప్పు. "అయ్యప్ప మాల వేసుకున్నాడు, మానేస్తాడులే" అని గమ్మున ఉండొద్దు. మాల వేసుకోనివ్వండి, కానీ దానికి ముందే డాక్టరుకు చూపించండి. మందుల సాయంతో, బి విటమిను ఇంజెక్షన్లతో ఆ నాలుగైదు రోజులు దాటించడం తేలిక.

4. మానసిక ఆసుపత్రి: విశాఖ, బెంగళూరు, హైదరాబాదు

నిమ్హాన్స్ గురించి మన వైపు ఉన్న నమ్మకం ఊరికే రాలేదు. 1974లో పాత మైసూరు మానసిక ఆసుపత్రినీ పరిశోధన సంస్థనూ కలిపి ఏర్పాటుచేశారు, 2012లో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా వచ్చింది. జబ్బేమిటో తేలనప్పుడు, రెండు మూడు మందులు సరైన మోతాదులో సరిపడా రోజులు వాడినా పని చేయనప్పుడు, మూర్ఛా మానసిక జబ్బూ కలిసి ఉన్నప్పుడు అక్కడికి పోవడం న్యాయం.

కానీ దాన్ని తీర్పు చెప్పే చోటుగా వాడుకోండి, నెలనెలా మందు తెచ్చుకునే చోటుగా కాదు. హిందూపురం వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు అదే దగ్గర. మిగతావాళ్ళు డిశ్చార్జి రోజున రెండు పనులు చేయించుకుని రావాలి. జబ్బు పేరు, మందుల పేర్లు, మోతాదులు, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో స్పష్టంగా ఉన్న డిశ్చార్జి కాగితం ఒకటి. మీ జిల్లా డాక్టరుకు రాసిన ఉత్తరం రెండోది. ఆ రెండూ పట్టుకుని వారం లోపల మీ జిల్లా ఓపీలో పేరు రాయించండి. మేము మొదటిసారి చేయనిది ఇదే.

5. టెలిమానస్, ఊరి ఆరోగ్య కేంద్రం

టెలిమానస్ అంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సలహా ఫోను, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. జబ్బు మనిషే చేయనక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు చేసినా మాట్లాడతారు. పరీక్షల ముందు హాస్టల్లో నిద్రపట్టని పిల్లలకు, బిడ్డ పుట్టాక ఏడుపు ఆగని తల్లులకు, "డాక్టరు దగ్గరికి పోవాల్సినంత ఉందా" అన్న అనుమానంలో ఉన్నవాళ్ళకు ఇది మొదటి మెట్టు. తీవ్రమైన జబ్బుకు ఇదొక్కటే చాలదు.

మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి అడగండి: "పెద్దాసుపత్రిలో రాసిన ఈ మందు మీ దగ్గర ఇస్తారా?" అన్ని చోట్లా ఇవ్వకపోవచ్చు. ఇచ్చే చోట మాత్రం రెండు నెలలకోసారి పోవలసిన బస్సు ప్రయాణం నాలుగు నెలలకు తగ్గుతుంది.

| ఎంపిక | బాగా కుదిరేది | కష్టం |
|---|---|---|
| పెద్దాసుపత్రి ఓపీ | ఏళ్ళ తరబడి వాడాల్సిన మందులు, సదరం (వికలాంగుల సర్టిఫికెట్) కాగితాలు | ఎదురుచూపు, మారే డాక్టర్లు |
| ప్రైవేటు క్లినిక్కు | పని పోకుండా చూపించుకోవాలనుకునేవాళ్ళు | నెలనెలా మందుల ఖర్చు |
| పెద్దాసుపత్రి వార్డు | మందు మింగని, తిండి మానిన రోజులు, తాగుడు మాన్పించడం | తోడుండే మనిషి కూలి |
| దూరపు మానసిక ఆసుపత్రి | తేలని జబ్బు, మందులకు లొంగని జబ్బు | తిరిగి పోలేకపోవడం |
| టెలిమానస్ 14416 | మొదటి సలహా, అర్ధరాత్రి ఆందోళన | తీవ్రమైన జబ్బుకు చాలదు |

ఎవరికి ఏది

పొలం పనుల మీద బతికే పల్లె కుటుంబమైతే: పెద్దాసుపత్రి ఓపీ, దానికి తోడు మీ ఆరోగ్య కేంద్రం. రోజూ మాత్ర మింగించడం కష్టమైతే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందికి అది పనికొస్తుంది. రోజూ ఇంట్లో జరిగే "మింగినావా, లేదా" గొడవ ఆగిపోవడమే పెద్ద ఊరట.

బైపోలార్ జబ్బుకు రాసే లిథియం మాత్ర వాడేవాళ్ళకు మన సీమ ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో పని చేసి చెమటలో నీళ్ళూ ఉప్పూ పోతే రక్తంలో లిథియం మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు అయినా అంతే. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఒంటినొప్పులకు షాపులో మాత్ర అడిగి తెచ్చుకోవడం కూడా ప్రమాదమే, కొన్ని నొప్పి మాత్రలు లిథియాన్ని పెంచుతాయి. లిథియం రాసిన డాక్టరు రక్తపరీక్ష చెప్పకపోతే మీరే అడగండి. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో తెలుసుకున్నాకే ఎక్కడ చూపించాలో నిర్ణయించుకోండి.

బాలింత అయితే: కాన్పు తర్వాత మొదటి వారాల్లో నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు, బిడ్డ గురించి భయంకరమైన ఆలోచనలు వస్తే అది అత్యవసరం. కాన్పు వార్డూ పిల్లల వార్డూ ఉన్న పెద్దాసుపత్రే మేలు. మూడేళ్ళ లోపు బిడ్డను చికిత్స పేరుతో తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. బిడ్డకు తల్లి వల్ల ప్రమాదముందని డాక్టర్లు అనుకుంటేనే తాత్కాలికంగా వేరుగా ఉంచుతారు. గర్భం దాల్చే వయసు ఆడవాళ్ళకు వాల్‌ప్రోయేట్ (మూర్ఛకూ, బైపోలార్‌కూ ఇచ్చే మందు) రాస్తే, "ఇది గర్భానికి ప్రమాదమా" అని తప్పకుండా అడగండి. ప్రమాదమే. డాక్టరుతో మాట్లాడి మార్చుకోవచ్చు, మీరుగా మానేయకూడదు.

గుడికో దర్గాకో తీసుకెళ్ళాలనుకునే ఇంట్లో: కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి పోండి, కడప పెద్ద దర్గాలో దండం పెట్టుకోండి. మా అమ్మ ఇప్పటికీ పోతుంది, నేను బస్సెక్కించి వస్తాను. మాత్రల డబ్బా మాత్రం సంచిలో ఉండాలి. ఎక్కడైనా సరే గొలుసుతో కట్టేస్తామంటే ఆ గడప దిగి వచ్చేయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో షెడ్డు అంటుకున్నప్పుడు 28 మంది కాలిపోయారు, గొలుసులు వేసి ఉండటం వల్ల పారిపోలేకపోయారు. మనిషిని గొలుసులతో కట్టడం ఇప్పుడు చట్టరీత్యా నేరం. డబ్బులు తీసుకుని నెలల తరబడి ఉంచుకునే "రిహాబిలిటేషన్" కేంద్రాలలో చేర్చేముందు చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు ఎన్ని రోజులకు వస్తాడు, ఇంటివాళ్ళను చూడనిస్తారా అని అడగండి. చూడనివ్వం అంటే అక్కడితో ఆపేయండి.

చేర్చేటప్పుడు సంతకం పెట్టే కాగితం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దీనిలో మనకు అక్కరకొచ్చేవి కొన్నే. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తన ఇష్టంతో చేరితే, తన ఇష్టంతో బయటికి రావచ్చు. డాక్టరుకు అనుమానముంటే పరీక్షించడానికి 24 గంటలు ఆపవచ్చు. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నట్టో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నట్టో తేల్చాలి, అదీ 30 రోజుల వరకే. పొడిగించాలంటే మళ్ళీ పద్ధతి ఉంది. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం నిషేధం. మత్తిచ్చి చేసేది మాత్రం కొన్ని తీవ్రమైన జబ్బుల్లో బాగా పనిచేసే వైద్యమే, పేరు విని బెదిరిపోవద్దు.

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి మీద కేసు పెడతారని చాలామంది ఆసుపత్రికి తీసుకుపోవడమే ఆలస్యం చేస్తారు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అన్నది ఇప్పటి చట్టం. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు తమ పాలసీలో మానసిక జబ్బుకూ వర్తిస్తుందా అని అడగడం కాదు, వర్తింపజేయమని అడగొచ్చు. ఒంటి జబ్బులతో సమానంగా చూడాలని చట్టంలోనే ఉంది. ప్రభుత్వ పథకం కార్డు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర విచారించండి.

జబ్బు ఏళ్ళ తరబడి ఉండి పని చేసుకోలేని స్థితి ఉంటే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే లెక్కలోకి వస్తుంది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. బోర్డు డాక్టర్లు ముందుగా చూసేది పాత చికిత్స కాగితాలనే. ప్రభుత్వ ఓపీలో క్రమంగా చూపించుకున్న చీటీలు ఉన్నవాళ్ళకు ఇక్కడ పని సులువవుతుంది. ఆరేళ్ళు పది చోట్ల చూపించి ఒక్క చీటీ కూడా దాచుకోని కుటుంబాన్ని నేను వెంట తీసుకెళ్ళాను, వాళ్ళ అబ్బాయికి జబ్బు నిన్న మొదలైనట్టే ఉంది కాగితాల మీద.

మొదటిరోజు సంచిలో

ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు. పాత చీటీలు, లేకపోతే ఇప్పటిదాకా మింగిన మాత్రల ఖాళీ అట్టలు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉండిందా అని అడుగుతారు, ముందే పెద్దవాళ్ళను అడిగి పెట్టుకోండి. తాగుడు, గుట్కా, గంజాయి అలవాటు ఉంటే దాచొద్దు, మందు మోతాదు దాన్ని బట్టి మారుతుంది. టిఫిను ఇంటి నుంచే కట్టుకోండి; ఆకలి మీద బెంచీలో కూర్చుంటే జబ్బు మనిషికి చిరాకు పెరుగుతుంది, లేచి వెళ్ళిపోతాడు. మా తమ్ముడు మొదటి ఏడాది రెండుసార్లు అలాగే వెళ్ళిపోయాడు, బస్టాండులో దొరికాడు. మూడోసారి నుంచి ఉగ్గానీ డబ్బా, నీళ్ళ సీసా, వాడికిష్టమైన పాటలున్న ఫోను తీసుకెళ్ళాను.

వచ్చే సోమవారం మా తేదీ. ఈ నెల కాగితం మీద రాయడానికి ఒకటే ఉంది: పగటిపూట నిద్ర ఎక్కువైంది, రాత్రి మాత్రను తొమ్మిదింటికి కాకుండా ఏడింటికి వేయొచ్చా అని అడగాలి.